తక్కువ ఖర్చుతో కారు ఎత్తు తగ్గించడం ఎలా?

ముందు వీల్ అలైన్‌మెంట్‌కు అయ్యే డబ్బు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లోనే స్ప్రింగులు కొనాలి. చాలామంది ఉన్నదంతా స్ప్రింగులకే పోసి, అలైన్‌మెంట్ తర్వాత చూద్దాంలే అనుకుంటారు. కారు కిందికి దిగితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండే కోణం) రెండూ మారిపోతాయి. టో తప్పిన కారు కొత్త టైర్ల లోపలి అంచును కొద్ది నెలల్లోనే అరగదీస్తుంది. మిగుల్చుకున్న డబ్బంతా ఆ టైర్లకే పోతుంది.

ఎంత దించాలి?

డబ్బు బిగువుగా ఉన్నప్పుడు 25 నుంచి 35 మిల్లీమీటర్లు చాలు. కారుతో వచ్చిన షాక్ అబ్జార్బర్లు మామూలుగా ఆ మాత్రం తగ్గింపును తట్టుకుంటాయి. అంతకంటే దించితే షాక్ రాడ్డు కిందికి కదలడానికి చోటు మిగలదు. ప్రతి గుంతకూ బంప్ స్టాప్‌కు, అంటే సస్పెన్షన్ కదలికను చివర్లో ఆపే రబ్బరు ముక్కకు, కొట్టుకుంటుంది. అప్పుడు పొట్టి షాక్‌లు కావాలి, ఖర్చు ఒక్కసారిగా రెట్టింపు దాటుతుంది. చూడటానికి 30 మిల్లీమీటర్లు తక్కువే అనిపిస్తుంది కానీ, చక్రానికీ ఫెండర్‌కూ మధ్య సందులో ఆ తేడా బాగానే కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు కారును చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు చక్రాల దగ్గరా కొలతలు తీసుకోండి. నేల నుంచి కాకుండా చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలవాలి. అప్పుడు టైరు మార్చినా లెక్క చెడదు. ఆ నాలుగు అంకెలు రాసి దాచుకోండి. షాక్‌లనూ ఇప్పుడే చూడండి. షాక్ ఒంటి మీద నూనె కారిన తడి ఉన్నా, బానెట్ మూల నొక్కి వదిలితే కారు రెండు మూడు సార్లు ఊగినా, అవి అయిపోయినట్టే. స్ప్రింగుల డబ్బుతో ముందు షాక్‌లు మార్చండి. గట్టి స్ప్రింగును అదుపు చేయడం అరిగిపోయిన షాక్ వల్ల కాదు.

ఏవి కొనాలి?

తక్కువ ఖర్చులో నా ఓటు మీ మోడల్‌కు తయారైన లోయరింగ్ స్ప్రింగులకే (ఎత్తు తగ్గించే స్ప్రింగులు). అదే కారుకు స్పోర్ట్ వేరియంట్ ఉంటే, దాని నుంచి తీసిన వాడిన స్ప్రింగులు ఇంకా చవక. పార్ట్ నంబర్ మాత్రం తప్పక పోల్చుకోండి. డీజిల్ ఇంజిన్ బరువు ఎక్కువ కాబట్టి పెట్రోల్ కారు ముందు స్ప్రింగులు దానికి వేరేగా ఉండొచ్చు. వాడినవైతే చుట్టల చివర్లు తడిమి చూడండి. పెయింట్ లేచి తుప్పు గుంటలు పడినచోటే స్ప్రింగు విరుగుతుంది. మరలు తిప్పి ఎత్తు సర్దుకునే షాక్-స్ప్రింగు సెట్లను కాయిలోవర్లు అంటారు. వాటిలో చవకరకం నేను కొనను. వాటి మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతే, ఎత్తు సర్దుకోవచ్చన్న ఒక్క సుగుణమూ పోతుంది.

వెనక పట్టీ (లీఫ్) స్ప్రింగులున్న బండి అయితే, యాక్సిల్ పట్టీల పైన కూర్చుందో లేదో ముందు చూడాలి. పైన ఉంటేనే యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్యలో లోయరింగ్ బ్లాక్ అనే దిమ్మ పెడితే బండి దిగుతుంది. యాక్సిల్ పట్టీల కింద ఉంటే అదే బ్లాక్ బండిని ఇంకా పైకి లేపుతుంది.

ఉన్న స్ప్రింగునే కోస్తే?

అందరికీ మొదట తోచేది ఇదే, పైసా ఖర్చు లేదు కదా అని. ఒక లెక్క చూద్దాం. ఆరు పనిచేసే చుట్టలున్న స్ప్రింగు మీద 3,000 న్యూటన్ల బరువుంది, గట్టితనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకోండి. బరువుకు అది 150 మిల్లీమీటర్లు కుంగి ఉంటుంది. ఒక చుట్ట కోస్తే మిగిలిన ఐదు చుట్టల గట్టితనం 24 అవుతుంది, కుంగేది 125. అంటే ఒక్క చుట్టతో స్ప్రింగు 20 శాతం బిగిసింది. షాక్ మాత్రం పాతదే. స్ప్రింగు చక్రానికి దూరంగా, చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ మధ్యలో కూర్చునే కార్లలో అయితే స్ప్రింగు దగ్గర తగ్గిన ఎత్తు చక్రం దగ్గర ఇంకా ఎక్కువవుతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. జాకీతో లేపినప్పుడో, చక్రం గుంతలోకి దిగినప్పుడో పొట్టి స్ప్రింగు వదులై సీటు నుంచి తప్పుకోవచ్చు. చివర చుట్ట చిన్నదిగా ముడుచుకున్న రకాన్ని కోస్తే అది సీటులో కూర్చోదు. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం మరీ ఘోరం. ఉక్కుకు ఇచ్చిన పదును పోయి, రోజురోజుకీ కుంగుతూ చివరికి విరుగుతుంది. ఈ రెండూ చేయకండి. చాలా దేశాల్లో సస్పెన్షన్ మార్పుకు నియమాలున్నాయి. మీ దగ్గర ఏది చెల్లుతుందో, ఇన్సూరెన్స్‌కు చెప్పాలో లేదో కొనేముందే కనుక్కోండి.

ముందు వైపు

మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, దాని చుట్టూ స్ప్రింగు కలిసి ఒకే ముక్కగా ఉండే రకం) ఉన్న కారు అనుకుని చెబుతున్నాను. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టండి.

వెనక చక్రాలకు అడ్డు పెట్టి, చక్రం నట్లు నేల మీదే కాస్త వదులు చేసి, జాకీతో లేపి స్టాండ్ల మీద దించండి. వట్టి జాకీ మీద నిలిచిన కారు కిందికి చేయి కూడా పోనివ్వొద్దు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి, ఏది ఎలా ఉండేదో పోల్చుకోవడానికి ఒకటి మిగిలి ఉంటుంది.

చక్రం తీసి, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు స్ట్రట్ నుంచి విడదీసి, స్టెబిలైజర్ లింకు (కారు పక్కకు వాలకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కు కలిపే చిన్న రాడ్డు) తప్పించండి. స్ట్రట్ కింది రెండు బోల్టుల చుట్టూ పెయింట్‌తో గీత గీశాకే వాటిని విప్పండి. చక్రం హబ్‌ను తీగతో కట్టేయండి, బయటికి వాలితే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు ఊడొచ్చు. స్ట్రట్‌ను ఒక చేత్తో పట్టుకుని, పైనున్న మౌంటు నట్లు చివర్లో తీయండి.

వాటి నడుమ ఉండే మధ్య నట్టు జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. నొక్కుకుపోయిన స్ప్రింగు మొత్తం బలాన్ని ఆపుతున్నది అదొక్కటే. స్ప్రింగు కంప్రెసర్లు రెండూ ఎదురెదురుగా తగిలించి, చేతి పానాతో ఇటు రెండు తిప్పులు, అటు రెండు తిప్పులు బిగించండి. గాలి గన్ వాడొద్దు. స్ప్రింగు సీటులో వదులుగా ఆడుతోందని కళ్లారా చూశాకే మధ్య నట్టు తీయాలి. ఆ సమయంలో స్ప్రింగు కొసలకు ఎదురుగా మీ మొహం ఉండకూడదు. మంచి కంప్రెసర్ అద్దెకు తీసుకోండి. అదీ దొరక్కపోతే స్ట్రట్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ఈ ఒక్క పనీ చేయించుకోండి, ఇక్కడ పొదుపు వద్దు.

కొత్త స్ప్రింగు కొసను కింది సీటులోని మెట్టుకు ఆనించి కూర్చోబెట్టండి. దుమ్ము తొడుగు, బంప్ స్టాప్, పై బేరింగ్ విప్పిన వరుసలోనే తిరిగి ఎక్కాలి. తయారీదారు చెబితేనే బంప్ స్టాప్ పొట్టి చేయాలి. మధ్య నట్టు కొత్తది వేయండి.

వెనక వైపు

టోర్షన్ బీమ్ (వెనక రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉంటే పని సగమే. బీమ్ కింద జాకీ ఆనించి, షాక్‌ల కింది బోల్టులు తీసి, బ్రేక్ గొట్టాలు సాగకుండా చూస్తూ మెల్లగా దించితే స్ప్రింగులు చేతికొస్తాయి. రబ్బరు సీట్లు చిరిగితే మార్చండి.

రబ్బరు బుష్‌లున్న బోల్టుల్లో విప్పినవాటిని చక్రాల మీద బరువు పడ్డాకే, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. గాల్లో ఉండగానే బిగిస్తే బుష్ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుంది.

ఆ తర్వాత

స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడైనా తగులుతోందేమో చూడండి. ఓ వంద కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాక స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు కొలతలు మళ్లీ తీసి పాత అంకెల పక్కన రాయండి. ఎడమకూ కుడికీ తగ్గుదల 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే, ఏదో ఒక స్ప్రింగు సీటులో సరిగా కూర్చోలేదేమో చూడాలి. అంతా సరిపోయాకే పక్కన పెట్టిన డబ్బుతో అలైన్‌మెంట్‌కు వెళ్లండి, హెడ్‌లైట్ల ఎత్తూ అక్కడే సరిచేయించండి. ఐదుగురితో, సామానుతో ఒకసారి నడిపి వచ్చాక చక్రాల పైనున్న లోపలి ప్లాస్టిక్ మీద నల్లటి గీతలు పడ్డాయేమో టార్చి వేసి చూడండి.