జబ్బు చేసిన కోడిపెట్టను ఎలా చూసుకోవాలి?

పెరట్లో పది కోళ్లు తిరిగే ఇంట్లో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఓ పెట్ట రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, గోడ వారగా కునుకుతూ కనిపిస్తుంది. అది చూడగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్. ఒకరు దాన్ని పట్టుకుని ముక్కు తెరుస్తారు, ఇంకొకరు గ్లాసుతో నీళ్లు పోస్తారు. సాయంత్రానికి కోడి పోతుంది. తెగులు చంపేసిందని అనుకుంటారు. చాలాసార్లు తెగులు కాదు, ఆ నీళ్లే చంపుతాయి. ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఇదే చూస్తున్నాను. అందుకే మిగతా పనులు క్లుప్తంగా చెప్పి, నీళ్లు పట్టడం గురించే వివరంగా రాస్తున్నాను.

ముందు వేరు చేయండి

ఓ వెదురు గంప, అడుగున గోనెసంచి, దానిమీద పాత పేపరు ఉంటే చాలు. పేపరు ఉంటే రెట్ట రంగు స్పష్టంగా తెలుస్తుంది. అట్టపెట్టె వద్దు, రెట్టకు తడిసి, గాలాడక కంపు కొడుతుంది. రోజూ ముందు బాగున్న కోళ్ల పని చూసుకుని, ఆ తర్వాతే జబ్బు కోడి దగ్గరకు వెళ్లండి. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ వరస తప్పితే తెగులును మీరే మోసుకెళ్లి మిగతావాటికి అంటిస్తారు.

ఒకే రోజు రెండు మూడు కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయినా, తురాయి, ముఖం వాచి నీలిరంగుకు తిరిగినా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయండి. వాటిని ముట్టుకోవద్దు, కోసి వండవద్దు, పిల్లల్ని ఆ దరికి రానివ్వద్దు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు ఎలా పోయాయో అందరం చూశాం.

ఒకసారి ఒళ్లంతా చూడండి

రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. మెడ కింద మేత సంచి తడమండి. తెల్లవారేసరికి అది ఖాళీగా ఉండాలి. పొద్దున్నే గట్టిగా ఉండలా తగిలితే మేత దిగలేదన్నమాట. ముఖంమీద, తురాయిమీద పొక్కులు కట్టి ఉంటే మశూచి. అది దోమల వల్ల వ్యాపిస్తుంది. రెట్టలో రక్తం పడితే అది రక్త పారుడు, దానికి వేరే మందు ఉంది, డాక్టరు ఇస్తారు. ఆకుపచ్చగా, తెల్లగా నీళ్లలా విరేచనం అవుతూ మెడ మెలితిరుగుతుంటే కొక్కెర తెగులని అనుమానించాలి.

ఒళ్లు వేడిగా ఉందని జ్వరం బిళ్ల నూరి పోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మన చేతికి ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా వేడిగానే తగులుతుంది.

వెచ్చదనం

జబ్బు కోడికి మొదటి మందు వెచ్చదనమే. గంపకు ఒక పక్కన, గడ్డికీ గోనెకూ తగలకుండా, 60 వాట్ల పసుపు బల్బు (ఎల్ఈడీ కాదు, వేడెక్కే పాతరకం) వేలాడదీయండి. ఒక పక్కనే ఎందుకంటే, ఉక్క పోస్తే కోడి రెండో పక్కకు జరగాలి. ఎండాకాలంలో పగలు బల్బు అక్కర్లేదు, నీడ కావాలి. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందన్నమాట. ఇలా గంటసేపు ఉంచాకే నీళ్లు. చల్లబడి వణికే కోడికి పట్టిన నీళ్లు ఒంటబట్టవు.

నీళ్లు పట్టడం

ఇక్కడ తొందర వద్దు. ముందు ఆరోగ్యంగా ఉన్న కోడిని పట్టుకుని దాని నోట్లోకి చూడండి. నాలుక వెనకాలే చిన్న చీలికలాంటి రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే గాలి గొట్టం. మన గొంతులో మింగేటప్పుడు దాన్ని కప్పే మూత ఉంటుంది. కోడికి ఆ మూత లేదు. నీళ్లు తనంతట తాను మింగేటప్పుడు ఆ చీలిక సరిగ్గా ఆ క్షణానికి మూసుకుంటుంది. నోరు బలవంతంగా తెరిచి పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనలా గట్టిగా దగ్గి బయటికి తోసేయడం దానికి చేతకాదు.

ఇంకో సంగతి. మనకున్నట్టు కోడికి ఊపిరి ఆడించే కండర పొర లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి శ్వాస ఆడుతుంది. గట్టిగా అదిమి పట్టుకుంటే ఊపిరి ఆగిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

కింద కూర్చోండి. పాత తువ్వాలు రెక్కలమీదుగా వదులుగా చుట్టి, కోడిని ఒళ్లో మామూలుగా కూర్చున్నట్టే కూర్చోబెట్టండి. తల నిటారుగా ఉండాలి, ఆకాశం చూడకూడదు. గ్లాసు, చెంచా, ఉగ్గుగిన్నె ఏవీ వద్దు. ఇంకు ఫిల్లరు గానీ, సూది తీసేసిన 2 మి.లీ. సిరంజి గానీ వాడండి. నేనైతే ఫిల్లరే వాడతాను. సిరంజిలో ఒక్కోసారి పట్టు జారి మొత్తం ఒకేసారి చిమ్ముతుంది.

ముక్కు తెరవనే వద్దు. పై ముక్కూ కింది ముక్కూ కలిసే అంచున, పక్క నుంచి, ఒక్క చుక్క పెట్టండి. ఆ చుక్క తనే లోపలికి జారుతుంది. కోడి ముక్కు టకటకలాడించి, తల కొంచెం పైకెత్తి మింగుతుంది. గొంతు కదలడం కంటితో చూశాకే రెండో చుక్క. మింగకపోతే ఆగండి, ఇంకో చుక్క వేయకండి. తల వాల్చేసి, మింగే ఓపిక కూడా లేని కోడికి నోటి ద్వారా ఏమీ పట్టకూడదు. దాన్ని డాక్టరే చూడాలి.

గొంతులో గురగుర వినిపించినా, ముక్కు రంధ్రాల్లోంచి నీళ్లు వచ్చినా వెంటనే తల కిందికి వంచి కారిపోనివ్వండి. ఆ పూటకు మళ్లీ ప్రయత్నించకండి. మొదటిసారికి 5 మి.లీ. దాటవద్దు. రెండు గంటలకోసారి అంతే పట్టండి. బాగున్న పెట్ట రోజుకు దాదాపు పావు లీటరు తాగుతుంది కదా, ఇది ఏ మూలకు అనిపిస్తుంది. పరవాలేదు. రెండు మూడు విడతలయ్యాక చాలా కోళ్లు తమంతట తామే గిన్నెలో ముక్కు ముంచుతాయి.

నీళ్లలో ఓఆర్ఎస్ కలపండి. లీటరుకు కలపమన్న పొట్లాన్ని నేను రెండు లీటర్లకు కలుపుతాను, ఎందుకంటే కోళ్లకు ఉప్పు ఎక్కువైతే అదే విషం. కల్లు, కిరసనాయిలు, వెల్లుల్లి రసం, ముక్కులో ఈక దూర్చడం, ఇవేవీ వద్దు. ఓ ఇంటి దగ్గర వెల్లుల్లి రసం పోసిన పెట్ట నా కళ్ల ముందే ఊపిరాడక పోయింది. అది నాలుగు రోజుల్లో పొదగాల్సిన పెట్ట.

మేత, మందు

నీళ్లు నిలిచాకే మేత. ఉప్పు లేని రాగి జావ, ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి పెట్టండి. ఎండు నూకలు, వడ్లు అప్పుడే వద్దు.

మెడికల్ షాపులో మనుషుల యాంటీబయాటిక్ బిళ్లలు కొని నూరి పోయడం మానండి. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. దాన్ని ఏ యాంటీబయాటిక్ తగ్గించలేదు. పైగా మందు వాడిన కోడి గుడ్లు డాక్టరు చెప్పినన్నాళ్లు తినకూడదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. కొక్కెరకు టీకా ఒక్కటే దారి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో గానీ ముక్కులో గానీ లాసోటా చుక్క, ఎనిమిదో వారం దగ్గర ఆర్2బి సూది వేయించాలి. టీకా బాగున్న కోళ్లకే. జబ్బు కోడికి వేయించకూడదు. రెండు రోజులైనా తేరుకోకపోతే, మెడ మెలితిరిగితే, రెట్టలో రక్తం కనిపిస్తే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా గంపతో సహా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తిరిగి మందలోకి

తిని, తాగి, రెట్ట మామూలైన తర్వాత కూడా ఇంకో వారం వేరుగానే ఉంచండి. కలిపేటప్పుడు పగలు వదలకండి. వారం పది రోజులు కనబడని కోడిని మిగతావి కొత్తదానిలా పొడుస్తాయి. చీకటిపడి అన్నీ గూట్లో సర్దుకున్నాక, చప్పుడు చేయకుండా దాన్ని వాటి మధ్య కూర్చోబెట్టండి. తెల్లారి గూడు తలుపు తీసేటప్పుడు మాత్రం పది నిమిషాలు అక్కడే నిలబడి చూడండి.