పోఖరాలో తొందర పడకండి

కావలి నుంచి వీపు సంచితో నేపాల్‌లోని పోఖరాకు బయలుదేరేవాళ్లకు ఒక మాట. ఒక్క రాత్రి ఉండి పరుగెత్తకండి. ఫేవా సరస్సు దగ్గర గది తీసుకుని నాలుగు రోజులైనా ఉండండి. 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం తెల్లవారుజామున తేటగా కనిపిస్తుంది, పొద్దెక్కితే తరచూ మబ్బు కమ్మేస్తుంది. మొదటి రోజు తొమ్మిదింటి దాకా నిద్రపోయి నేను చూసింది మబ్బులనే! భోజనానికి దాల్‌భాత్ చెప్పండి, అన్నం, పప్పు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. నెల్లూరు నోటికి మాత్రం చప్పనే. కారప్పొడి పొట్లం మరవకండి. మన 100 రూపాయలు అక్కడ 160, కాబట్టి ధర ఏ రూపాయల్లో చెబుతున్నారో ముందే అడగండి. వీసా అక్కర్లేదు గానీ ఆధార్‌ను నమ్ముకోకుండా పాస్‌పోర్టో ఓటరు కార్డో దగ్గర ఉంచుకోండి.