దాడి విమానం పేరు రాసే ముందు

హనుమకొండలో ఎన్‌సీసీ సెమినార్‌కి 'నేల మీది దళాలకు గగనతల సాయం' అంశం తీసుకున్న తమ్ముళ్లూ, ఇవి చూసుకోండి.

ముందు ఎత్తు. విమానం ములుగు అడవుల మీద ఎగిరినట్టే లద్దాఖ్‌లోని ద్రాస్ కొండల్లోనూ ఎగురుతుందనుకోవద్దు, అక్కడ గాలి పలచన. మన ప్రచండ్ హెలికాప్టర్‌ను ఆ ఎత్తుల కోసమే తయారుచేశారు.

శత్రువు దగ్గర భుజం మీంచి పేల్చే క్షిపణి ఉందా? ఇది మాత్రం మరవొద్దు. 1999 మే 28న కార్గిల్‌ యుద్ధంలో మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది దానివల్లే. తర్వాత మన మిరాజ్-2000 యుద్ధ విమానాలు పై ఎత్తు నుంచే లేజర్ గురితో వెళ్లే బాంబులు వేశాయి.

అమెరికా దాడి విమానం ఏ-10కి ఏడు గొట్టాల 30 ఎంఎం తుపాకీ, పైలట్ చుట్టూ టైటానియం కవచం. చూస్తే భలే ముచ్చటేస్తుంది, కానీ వేగం తక్కువ. ఆకాశం మన చేతిలో లేకపోతే కష్టమే.

మనవాళ్లు ఎంత దగ్గర్లో ఉన్నారో, రేడియోలో గురి ఎవరు చెప్తారో కూడా రాయండి.