పైరవీ వేరు, పరిచయం వేరు: ఉద్యోగం వెతికేవాళ్లు నలుగురిని ఎట్లా కలవాలి

"సార్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి."

డిగ్రీనో బీటెక్కో పూర్తయి ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు ఎక్కువగా పంపే మెసేజ్ ఇదే. జవాబు రాకపోతే అవతలివాళ్లకు పొగరు అనుకుంటారు. కానీ ఆ ఒక్క వాక్యం చదివినాయన ఎన్ని పనులు చెయ్యాలో చూడండి. మీరేం చదివారో కనుక్కోవాలి, మీరు ఏ పనికి సరిపోతారో ఆలోచించాలి, తన కంపెనీలో ఖాళీలు వెతకాలి, చివరికి ముఖం తెలియని మనిషికి పూచీ పడాలి. డ్యూటీ దిగి ఇంటికొచ్చినోళ్లకు అంత ఓపిక ఎక్కడిది?

మన దగ్గర పరిచయం అనగానే పైరవీ గుర్తొస్తుంది. అందుకే కొందరు అడగడానికే సిగ్గుపడతారు, కొందరు నేరుగా పని చేసిపెట్టమంటారు. పైరవీకి పలుకుబడి ఉన్న మనిషి కావాలి. మనం ఇక్కడ చెప్పుకునేదానికి మీ కాలేజీలోనే రెండేళ్ల ముందు చదివిన సీనియర్ చాలు. ఆయన్ని అడగాల్సింది పదిహేను నిమిషాల సమయం, ఆ పని గురించి నాలుగు మాటలు.

ముందు ఒక నోటుబుక్కు తీసి నలభై పేర్లు రాయండి. నలభై మంది ఎక్కడున్నారని కంగారు పడొద్దు. క్లాస్‌మేట్లు, సీనియర్లు, లెక్చరర్లు, ల్యాబ్ అసిస్టెంటు, హాస్టల్ రూమ్మేట్ల అన్నలు, మీ ఊరి నుంచి హైదరాబాద్ పోయి పనిచేస్తున్నవాళ్లు, చుట్టాల్లో జీతగాళ్లు, మీరు కోచింగ్ తీసుకున్న ఇన్‌స్టిట్యూట్ సార్లు అందరూ లెక్కలోకి వస్తారు. ప్రతి పేరు పక్కన మూడు గడులు గీయండి: ఏం చేస్తారు, మనకు ఎట్లా తెలుసు, చివరిసారి ఎప్పుడు మాట్లాడాం.

చాలామంది ఈ లిస్టులో దగ్గరి దోస్తులతోనే ఆగిపోతారు. వాళ్లకు తెలిసిన ఖాళీలు మీకూ తెలుసు, ఎందుకంటే అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో దీనికి లెక్క ఉంది. బోస్టన్ పక్కనున్న ఒక పట్టణంలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ తెలిసినవాళ్లను ఎంత తరచుగా కలుస్తుంటారని అడిగితే, తరచుగా కలుస్తామన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవాళ్లు 27.8 శాతం. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది వాడకందార్ల మీద చేసిన పరీక్షల ఫలితాలు 2022లో వచ్చాయి. మరీ దగ్గరా కాని, మరీ దూరమూ కాని పరిచయాలే కొత్త ఉద్యోగానికి ఎక్కువ పనికొచ్చాయని అందులోనూ తేలింది. అంటే మీ నోటుబుక్కులో 'చివరిసారి ఏడాది కింద మాట్లాడాం' అని రాసుకున్న పేర్ల మీదే ముందు చూపు పెట్టాలి.

మేనేజర్ స్థాయి మనిషితో మొదలుపెట్టకండి. రెండు మూడేళ్ల ముందు చేరినవాళ్లకు ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఇంకా గుర్తుంటుంది, మీ సిలబస్ ఏమిటో తెలుసు. పైగా చాలా కంపెనీల్లో రెఫరల్ పద్ధతి ఉంటుంది. ఉద్యోగి సూచించిన మనిషి ఎంపికై కొన్ని నెలలు నిలిస్తే ఆ ఉద్యోగికి బోనస్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి రెఫరల్ అడగడం చెయ్యి చాపడమేమీ కాదు. కాకపోతే కంపెనీ ప్రకటనలో ఆ ఖాళీకి ఉన్న నంబరు (జాబ్ ఐడీ), దానికి సరిపోయే రెజ్యూమె మీరే సిద్ధం చేసి ఇవ్వాలి. "ఏదైనా సరే అన్నా" అంటే ఆయన ఏ ఖాళీకి పంపాలి?

ఇక మెసేజ్. అరవై డెబ్బై మాటలు దాటకూడదు. మీరెవరు, నంబరు ఎట్లా దొరికింది, ఏం తెలుసుకోవాలి, ఎంత సమయం కావాలి, ఈ నాలుగూ ఉంటే చాలు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట, పనిచేసే సీనియర్‌కు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే పద్ధతి) గురించి రాయాల్సి వస్తే ఇట్లా రాయొచ్చు:

"నమస్తే సార్. నేను మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఈ ఏడాదే పూర్తి చేశాను. మీరు క్యూసీలో చేస్తున్నారని మా ల్యాబ్ సార్ చెప్పి మీ నంబర్ ఇచ్చారు. ఫ్రెషర్ ఇంటర్వ్యూకు హెచ్‌పీఎల్‌సీ ఎంతవరకు తెలిసి ఉండాలో మిమ్మల్ని అడగాలనుకుంటున్నాను. ఈ వారం మీకు వీలున్నప్పుడు పదిహేను నిమిషాలు ఫోన్ చేయొచ్చా? కుదరకపోతే రెండు ప్రశ్నలు ఇక్కడే పంపుతాను."

చివరి వాక్యం ఉత్త మర్యాదకు పెట్టింది కాదు. ఫోన్ మాట్లాడే తీరిక లేనివాళ్లు కూడా రెండు ప్రశ్నలకు టైప్ చేసి జవాబిస్తారు. ఒట్టి "హాయ్" పెట్టి ఎదురుచూడటం, ముందు చెప్పకుండా వీడియో కాల్, రెండు నిమిషాల వాయిస్ మెసేజ్, పొద్దున్నే పూల బొమ్మతో గుడ్ మార్నింగ్, వీటిలో ఏ ఒక్కటి చేసినా రెండోసారి మీ మెసేజ్ తెరవరు. ఫార్మా ప్లాంట్లలో చాలాచోట్ల లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, షిఫ్టులు మారుతుంటాయి. జవాబు రేపటికి రాలేదని మళ్లీ మళ్లీ కొట్టకండి. వారం పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే నోటుబుక్కులో చిన్న గుర్తు పెట్టి తర్వాతి పేరుకు పోవడమే.

పిలుపు దగ్గర కూడా తడబడతారు. సొంత కాలేజీ సీనియరైతే 'అన్నా', 'అక్కా' చెల్లుతుంది. ముఖం తెలియని మనిషికి మొదటి మెసేజ్‌లో 'సార్', 'మేడం' లేదా పేరు చివర 'గారు' రాయండి. ఆయనే "చెప్పు తమ్మీ" అంటే అప్పటి నుంచి అన్న అనొచ్చు. మొదటి పలకరింపులోనే 'బ్రో' అనడం నలభై దాటినవాళ్లకు గుచ్చుకుంటుంది.

లింక్డ్‌ఇన్‌లో ఒక చిక్కుంది. ఉచిత ఖాతాలో కనెక్షన్ రిక్వెస్ట్‌తో పంపే నోట్‌కు 200 అక్షరాల వరకే చోటు, అదీ నెలకు కొన్నిటికే. తెలుగులో రాస్తే ఆ చోటు ఇంకా తొందరగా నిండుతుంది, ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్ లెక్కలో ఆరు. కాబట్టి నోట్‌లో మీరెవరు, నంబరో పేరో ఎవరి ద్వారా తెలిసింది అన్నంతవరకే రాయండి, ప్రశ్నలు వాళ్లు అంగీకరించాక. ప్రొఫైల్‌లో పేరు కింది వరుసలో 'ఉద్యోగం కోసం చూస్తున్నాను' అని రాస్తే వెతికేవాళ్లకు దొరకరు. రిక్రూటర్లు వెతికేది చదువు, పనిముట్టు పేర్లతో: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, హెచ్‌పీఎల్‌సీ, జావా, ట్యాలీ.

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ పేరు ఎత్తాం కాబట్టి బీకాం వాళ్లకు ఒక మాట. మిర్యాలగూడ రైస్ మిల్లులో అకౌంటెంట్ కావాలంటే ఆ ఖాళీ లింక్డ్‌ఇన్‌లో కనపడుతుందని కూర్చోవద్దు. అది ముందుగా తెలిసేది మిల్లు లెక్కలు చూసే ఆడిటర్ ఆఫీసుకో, జీఎస్టీ కన్సల్టెంట్‌కో. అక్కడికి నేరుగా వెళ్లండి, కానీ తారీఖు చూసుకుని వెళ్లండి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 అనే రిటర్నుకు 11వ తారీఖు, జీఎస్టీఆర్-3బీ అనేదానికి 20వ తారీఖు గడువు. ఆ తేదీల ముందు రెండు మూడు రోజులు వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. 22 దాటాక మధ్యాహ్నం పూట పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఫోన్‌లో సమయం దొరికాక ఏం అడగాలి? రోజు పని ఎట్లా ఉంటుంది, ఫ్రెషర్లు ఎక్కడ తప్పుతున్నారు, వాక్-ఇన్‌లు (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూలు) ఎప్పుడు పడతాయి, ఉద్యోగం కంపెనీ పేరోల్ మీదా కాంట్రాక్టు మీదా, నా రెజ్యూమెలో ఏది తీసేయాలి. జీతం అడగాలంటే "మీకెంత?" అని అడగకండి, "ఫ్రెషర్‌కు సుమారు ఎంత ఉంటుంది?" అనండి. పన్నెండో నిమిషంలో ఆఖరి ప్రశ్న: "నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" ఆయన ఒక్క పేరు చెప్పినా మీ లిస్టు పెరిగినట్టే, ఈసారి "ఫలానా సార్ చెప్పారు" అని మొదలుపెట్టే వీలుంటుంది. పదిహేను నిమిషాలు కాగానే "సమయం అయింది సార్" అని మీరే అనండి. ఆయన ఇంకా మాట్లాడతానంటే మంచిదే.

ఎదురుగా కలవాలనుకుంటే వాళ్లకు దగ్గరైన చోటు మీరు అడగండి. నల్లగొండ వైపు నుంచి వెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం చుట్టుపక్కల చాలామంది ఉంటారు. వారమంతా గచ్చిబౌలి దాకా పోయొచ్చేవాళ్లను ఆదివారం మళ్లీ అటే రమ్మనడం కంటే ఎల్బీనగర్‌లో చాయ్ దగ్గర కలవడం నయం. మీకూ బస్సు దిగగానే పని అయిపోతుంది.

జాబ్ మేళాలో పది పదిహేను రెజ్యూమె కాపీలు, పెన్ను ఉండాలి. తలుపులు తెరిచిన మొదటి గంటలో వెళ్లండి, మధ్యాహ్నానికి టేబుల్ దగ్గరి మనిషి అలసిపోయి కాగితాలు దొంతర పెట్టడమే చేస్తాడు. ఆ మనిషి కంపెనీ వాడా, కన్సల్టెన్సీ వాడా అన్నది ముందే అడగండి. పెళ్లిళ్లలో కూడా పరిచయాలు దొరుకుతాయి, కానీ బంతిలో విస్తరి ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని రెజ్యూమె గురించి చెప్పకండి. పేరు, ఊరు, చదువు చెప్పి, "మీ పని గురించి తెలుసుకోవాలనుంది, వచ్చే వారం ఫోన్ చేయొచ్చా?" అంటే సరిపోతుంది. నంబరు ఇవ్వడం ఇష్టం లేని అమ్మాయిలు ఈమెయిల్‌తో నడిపించొచ్చు, లేదా లెక్చరర్ మేడం ద్వారా మొదటి మాట కలపొచ్చు.

డబ్బు మాట వచ్చిందంటే అక్కడితో ఆపండి. కంపెనీ లోపలి రెఫరల్‌కు అభ్యర్థి రూపాయి కూడా కట్టాల్సిన పని లేదు. 'బ్యాక్‌డోర్' పేరుతో లక్షలు అడిగేవాళ్లు, రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనేవాళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమనేవాళ్లు మీ ఊరివాళ్లయినా సరే ఇవ్వకండి. ఆఫర్ లెటర్ జీమెయిల్ ఖాతా నుంచి వస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపేసి మోసపోయామని తెలిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

మాట్లాడిన రోజే కృతజ్ఞతగా రెండు వాక్యాలు పంపండి, అందులో ఆయన చెప్పిన ఒక విషయాన్ని పేరు పెట్టి రాయండి. ఆయన చెప్పినట్టు చేశాక ఏమైందో కూడా చెప్పండి. దీన్నే దాదాపు అందరూ మరచిపోతారు. "హెచ్‌పీఎల్‌సీలో మీరు చెప్పిన గ్రేడియెంట్ మెథడ్ గురించే అడిగారు సార్, సెలెక్ట్ కాలేదు గానీ రెండో రౌండు దాకా వెళ్లాను" అన్న మెసేజ్ అందుకున్నాయన తర్వాతి వాక్-ఇన్ ప్రకటన వచ్చినప్పుడు మీకు తప్పక పంపుతాడు. మీ వైపు నుంచి ఇవ్వడానికి ఏమీ లేదనుకోకండి. కాలేజీలో ఫలానా బ్యాచ్ పరీక్షలు ఎప్పుడు అయిపోతాయి, ఎంతమంది ఖాళీగా ఉన్నారు అన్నది ఫ్రెషర్ల కోసం వెతికే సీనియర్‌కు కావలసిన సమాచారమే.

రెండు మూడు నెలలకొకసారి నోటుబుక్కు తిరగేసి, ఎవరితో ఏం మాట్లాడారో చూసుకుని, పని ఉన్నా లేకున్నా ఒక పలకరింపు పంపండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఆ పేర్లన్నిటికీ ఎక్కడ చేరారో చెప్పండి, ఫోన్ ఎత్తనివాళ్లకు కూడా. ఆ తర్వాత జూనియర్ల గ్రూపులో మీ నంబరు పెట్టేయండి, ఏ షిఫ్టులో ఫోన్ చేయకూడదో పక్కనే రాసి.