మిల్లు షెడ్డులో త్రీఫేజ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కనెక్షన్: వైరు నుంచి ఎర్తు దాకా

కొత్త ఫ్యాను పెట్టిన వారంలోనే మోటరు కాలిందంటే, కంపెనీని తిట్టే ముందు టెర్మినల్ డబ్బా తెరిచి చూడాలి. జమ్మికుంట జిన్నింగ్ మిల్లయినా, పెద్దపల్లి రైస్ మిల్లయినా, సిరిసిల్ల సాంచల (మరమగ్గాల) షెడ్డయినా తప్పు ఎక్కువగా ఆ డబ్బాలోనే దొరుకుతుంది. ఇక్కడ గోడకు బిగించే 1 హెచ్‌పీ త్రీఫేజ్ ఫ్యాను లెక్కన చెప్తున్నాం. లైసెన్సున్న వైర్‌మన్ చేయాల్సిన పని ఇది. మిల్లు యజమాని పక్కన నిలబడి చూసుకోవడానికీ పనికొస్తుంది.

ముందు నేమ్‌ప్లేట్ చదవాలి. 415 వోల్టులు, 50 హెర్ట్జ్, 0.75 కిలోవాట్, ఫుల్ లోడ్ కరెంటు సుమారు 1.8 ఆంపియర్లు అని ఉంటుంది. వోల్టేజీ పక్కనున్న గుర్తు స్టారా, డెల్టానా అన్నదే అసలు సంగతి. మోటరు లోపలి మూడు వైండింగుల (తీగ చుట్టల) కొసలు ఒకచోట కలిపితే స్టార్, ఒకదాని కొసను ఇంకోదానికి వలయంగా కలిపితే డెల్టా. 240/415 అని, డెల్టా/స్టార్ అని ఉంటే మన 415 లైనుకు స్టారే కట్టాలి. అలాంటి మోటరుకు డెల్టా కడితే 240 వోల్టులకు చుట్టిన ఒక్కో వైండింగ్ మీద 415 పడుతుంది. కొద్దిసేపట్లోనే వాసన వస్తుంది. అదే 415 డెల్టా మోటరుకు స్టార్ కడితే వెంటనే కాలదు, బలం మూడో వంతుకు పడిపోయి ఈడ్చుకుంటూ తిరుగుతూ వేడెక్కుతుంది. ఇది ఇంకా మోసం, ఎందుకంటే ఫ్యాను తిరుగుతోంది కదా అని ఎవరూ అనుమానించరు.

డబ్బాలో మామూలుగా ఆరు బోల్టులు ఉంటాయి: పైన డబ్ల్యూ2, యూ2, వీ2, కింద యూ1, వీ1, డబ్ల్యూ1. స్టార్ కావాలంటే పై మూడింటినీ ఇత్తడి పట్టీలతో అడ్డంగా కలపాలి. డెల్టా కావాలంటే పట్టీలు నిలువుగా వేయాలి. ఎలాగైనా మూడు ఫేజులు కింది వరుసకే వస్తాయి. వైరు కొసను మెలితిప్పి నట్టు కింద పెట్టొద్దు. లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగు) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, వాషరు వేసి బిగించాలి. ఫ్యాను అదురుకు మెలితిప్పిన కొస వదులై, అక్కడే ఒక ఫేజు పోతుంది.

కేబుల్ 1.5 స్క్వేర్ ఎంఎం రాగి, నాలుగు కోర్లది, ఆర్మర్డ్ (ఇనుప కవచమున్నది) అయితే మంచిది. 1.8 ఆంపియర్లకు అది ఎక్కువే, కానీ ఎలుకలకు, అదురుకు అంతకన్నా సన్నది నిలవదు. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, పచ్చ ఎర్తు. కేబుల్‌ను గ్లాండ్ (కేబుల్‌ను డబ్బాకు పట్టి ఉంచే బిగింపు) ద్వారా కింది నుంచే డబ్బాలోకి తీసుకెళ్లాలి. పై నుంచి వస్తే వానాకాలం నీళ్లు వైరు వెంబడి నేరుగా లోపలికి దిగుతాయి.

ఎర్తు విషయంలో బేరం వద్దు. త్రీఫేజ్ మోటరు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఉండాలి: ఒకటి కేబుల్‌లోని పచ్చ కోరు, రెండోది 8 గేజి జీఐ తీగ. బోల్టు కింద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బిగించాలి. న్యూట్రల్‌ను ఎర్తుగా వాడితే, అది తెగిన రోజున ఫ్యాను బాడీకి కరెంటు వస్తుంది.

వరుస ఇది: 6 ఆంపియర్ల సీ రకం త్రీపోల్ ఎంసీబీ, తర్వాత డీఓఎల్ స్టార్టరు (మోటరును నేరుగా లైనుకు కలిపేది), తర్వాత మోటరు. ఎంసీబీ షార్టు సర్క్యూట్‌కు, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మోటరు రక్షణకు. 1.4 నుంచి 2.3 ఆంపియర్ల రేంజి రిలే తీసుకుని, నేమ్‌ప్లేట్ కరెంటు దగ్గరే పెట్టాలి. రిలే కొడుతుంటే డయల్ పెంచే అలవాటుతోనే మోటర్లు పోతాయి. స్టార్టరు కాయిల్ మీద 415 అని ఉందా, 240 అని ఉందా కూడా చూడాలి. 240 కాయిల్‌ను రెండు ఫేజుల మధ్య కడితే అది అక్కడికక్కడే పోతుంది. కాయిల్ లైనులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటరును ఆపేది) కూడా పెట్టించండి. లైనులో ఒక ఫేజు పోతే, తిరుగుతున్న మోటరు మిగతా రెండింటి నుంచి దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగుతుంది. ఆగి ఉన్నదైతే మూలుగుతుందే తప్ప కదలదు.

దూది నూగు ఎగిరే చోట స్టార్టరును షెడ్డు బయట గోడకు పెట్టాలి. స్టార్టరులో కరెంటు కలిపి తెంచే కాంటాక్టరు విడిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ వస్తుంది, నూగు అంటుకోవడానికి అది చాలు.

పనికి ముందు ఎంసీబీ బంద్ చేసి, బోర్డుకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. జనరేటర్ ఉన్న మిల్లులో చేంజోవరు (లైనుకూ జనరేటర్‌కూ మధ్య మార్చే స్విచ్చు) కూడా చూసుకోవాలి, ఆ దారిన కరెంటు రావచ్చు. టెస్టరు ఒక్కదాన్నే నమ్మకూడదు. ముందు బతికున్న లైను మీద మీటరు పనిచేస్తుందో చూసి, తర్వాత మూడు ఫేజుల మధ్య, ఒక్కో ఫేజుకు ఎర్తుకు మధ్య చూడాలి.

కరెంటు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) వైండింగ్‌కూ బాడీకీ మధ్య చూడాలి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వొద్దు. వానల్లో గోదాములో పడున్న మోటరు చెమ్మ పట్టి ఉంటుంది, బల్బు వేడితో ఆరబెట్టి మళ్లీ చూడాలి. ఫ్యానుకు జాలీ బిగించాక, బటన్ నొక్కి రెండు క్షణాల్లో ఆపి, బాడీ మీది బాణం వైపే తిరుగుతోందా చూడాలి. ఎదురు తిరిగితే కంగారు లేదు, బంద్ చేసి స్టార్టరు కింది వైపు ఏవైనా రెండు ఫేజులు మార్చాలి. ఎదురు తిరిగే ఫ్యాను కూడా ఎంతో కొంత గాలి కదిలిస్తుంది, అందుకే చాలామంది గమనించరు.

చివరగా టాంగ్ టెస్టరుతో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) మూడు ఫేజుల కరెంటు చూడాలి. మూడూ దగ్గర దగ్గరగా, నేమ్‌ప్లేట్‌కు లోపే ఉండాలి. ఒక్కదాంట్లో బాగా తేడా ఉంటే ఒక లగ్గు వదులు, లేదా లైను వోల్టేజీ అసమానం. మోటర్లను సాధారణంగా 40 డిగ్రీల పరిసర వేడికి లెక్కేసి చేస్తారు, మన మే ఎండలు దాన్ని సులువుగా దాటుతాయి. ఆ నెలల్లో రెక్కల వెనక పేరుకున్న నూగును వారానికోసారి, బంద్ చేసి, బ్రష్షుతో దులపాలి.