పాత సాహస కామిక్స్ సంపుటాలు: ఎంచుకోవడం, కలిసి చదవడం, పదిలంగా దాచడం

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ 1954లో మొదలైంది. ఆ తర్వాత ఆ పత్రికలో వచ్చిన సాహస ధారావాహికలను నెలనెలా విడదీసి, కథ ముగిశాక వరుసగా పేర్చి, బైండింగు చేయించి దాచుకున్న ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. అవి ‘చిత్ర’ అన్న పేరుతో గీసిన చిత్రకారుడి బొమ్మలతో వచ్చిన వచన కథలే కానీ కామిక్స్ కావు. అయినా ముక్కలు ముక్కలుగా చదివిన కథను ఒక్కచోట చేర్చుకుని మళ్లీ ఏకబిగిన చదవాలన్న కోరిక రెండింటికీ ఒకటే. అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్, ఇంద్రజాలికుడు మాండ్రేక్, కుర్ర విలేకరి టిన్‌టిన్, ఆస్టెరిక్స్, అమర్ చిత్రకథ ఇప్పుడు సంపుటాలుగా దొరుకుతున్నాయి కనుక ఆ పని మన తరఫున ప్రచురణకర్తలే చేసిపెడుతున్నారు. అయితే వాటి ధరలు తక్కువేమీ కావు, అన్ని సంపుటాలూ ఒకే శ్రద్ధతో తయారైనవీ కావు. అందుకే హైదరాబాదులో ఉంటూ పిల్లల కోసమో, తమ సేకరణ కోసమో వీటిని కొనదలచినవారికి పనికివచ్చే సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది, ఆ కథ మొదట ఏ రూపంలో వెలువడిందన్నది. ఏ సంపుటం కొనాలి, దాన్ని ఎంత వేగంతో చదవాలి, అందులో ఏమైనా లోపించిందా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుంది. లీ ఫాక్ సృష్టించిన మాండ్రేక్ 1934 జూన్‌లోనూ, ఫాంటమ్ 1936 ఫిబ్రవరి 17నా అమెరికా దినపత్రికల్లో రోజువారీ స్ట్రిప్పులుగా మొదలయ్యాయి. రోజుకు మూడో నాలుగో బొమ్మలు వచ్చేవి, ఒక్కో కథ నెలల తరబడి సాగేది. ఫాంటమ్‌కు 1939 మే నుంచి ఆదివారం పేజీ కూడా వచ్చి చేరింది, అందులో వేరే కథ నడిచేది. ఈ కారణంగానే ఫాంటమ్ సంపుటాలు రోజువారీ కథలకు ఒక వరుసగా, ఆదివారం కథలకు మరొక వరుసగా వెలువడతాయి. ఇది తెలియక ఒక్కో వరుసలోంచి ఒక్కో పుస్తకం కొని, రెండో పుస్తకంలో మొదటిదాని కొనసాగింపు కోసం వెతుక్కునేవారు ఉన్నారు.

రోజువారీ స్ట్రిప్పును దగ్గరగా పరిశీలిస్తే దాని నిర్మాణం చక్కగా అర్థమవుతుంది. మొదటి బొమ్మ నిన్నటి సంగతిని గుర్తుచేస్తుంది, నడిమి బొమ్మలు కథను ఒక అడుగు ముందుకు జరుపుతాయి, చివరి బొమ్మ రేపటి పత్రిక కోసం ఎదురుచూసేలా చేసి ఆగుతుంది. టీవీ ధారావాహికలో నిన్నటి భాగాన్ని మొదట చూపించినట్టే ఇదీను. సంపుటంలో ఈ స్ట్రిప్పులన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చేసరికి ఒకే సంగతి మళ్లీ మళ్లీ చెప్పినట్టు తోచి, పది పేజీలకే విసుగు పుడుతుంది. ఈ తప్పు కథది కాదు, చదివే వేగానిది. రాత్రి భోజనాలయ్యాక రెండు మూడు పేజీలు చదివి పుస్తకం మూసేసే పద్ధతి పెట్టుకుంటే, పిల్లలే మర్నాడు గుర్తుపెట్టుకుని అడుగుతారు.

టిన్‌టిన్ సంగతి వేరు. బెల్జియం చిత్రకారుడు హెర్జే దాన్ని 1929 జనవరి 10న ఒక పత్రిక పిల్లల అనుబంధంలో ప్రారంభించాడు. తొలి కథలు నలుపు తెలుపుల్లో, వందకు పైగా పేజీలతో వచ్చాయి. 1942 నుంచి వాటిని రంగుల్లో, 62 పేజీల ఆల్బములుగా సరిదిద్ది మళ్లీ గీశారు. ఈరోజు మనకు సాధారణంగా దొరికేవి ఆ రంగుల ఆల్బములే. కుటుంబానికి అవి చాలు, సేకరణకర్తలు మాత్రం నలుపు తెలుపు ప్రతుల నకళ్లను కూడా కోరుకుంటారు. టిన్‌టిన్ కొనేటప్పుడు జంట కథలను విడదీయకూడదు. ‘సీక్రెట్ ఆఫ్ ది యూనికార్న్’ తర్వాత ‘రెడ్ రాకమ్స్ ట్రెజర్’, ‘సెవెన్ క్రిస్టల్ బాల్స్’ తర్వాత ‘ప్రిజనర్స్ ఆఫ్ ది సన్’, ‘డెస్టినేషన్ మూన్’ తర్వాత ‘ఎక్స్‌ప్లోరర్స్ ఆన్ ది మూన్’ చదవాలి. మూడేసి కథలు కలిపి వేసిన చిన్నసైజు గట్టి అట్ట సంపుటాలలో యూనికార్న్ కథ ఒక సంపుటం చివరా, దాని రెండో భాగం తర్వాతి సంపుటం మొదటా పడ్డాయి. ఒక్క సంపుటమే కొని ఇంటికి తెస్తే నిధి ఎక్కడుందో తెలియకుండానే పుస్తకం అయిపోతుంది. కాబట్టి బిల్లు వేయించుకునే ముందు విషయసూచిక చూడండి.

ఆ చిన్నసైజు సంపుటాల గురించి మరొక మాట. ధర, బరువు, అలమరలో పట్టే చోటు దృష్ట్యా అవి మంచి బేరమే. అయితే బొమ్మతో పాటు మాటల బెలూన్లలోని అక్షరాలు కూడా చిక్కిపోతాయి. పదేళ్ల పిల్లకు ఇబ్బంది ఉండదు కానీ, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించే తాతయ్యకు కళ్లజోడు ఉన్నా కష్టమవుతుంది. నా ఉద్దేశంలో ఇంటిల్లిపాదీ చదవడానికి పూర్తి సైజు ఆల్బములు ఒక్కొక్కటిగా కొనుక్కోవడమే మేలు. హాల్ ఫాస్టర్ గీసిన ‘ప్రిన్స్ వాలియంట్’ విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. 1937లో మొదలైన ఆ కథ ఆదివారం పత్రికలో పేజీ నిండా పరచుకుని వచ్చేది. అందులో బెలూన్లు ఉండవు, కథనం బొమ్మల కింద వచనంగా సాగుతుంది. కోట బురుజులు, గుర్రాల జీను పనితనం, అలల నురుగు చూడడానికే ఆ కథ చదవాలి కనుక దాన్ని చిన్న పేజీలో కుదిస్తే మిగిలేది తక్కువ. ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ 2009 నుంచి తెచ్చిన పెద్దసైజు సంపుటాలు ఖరీదైనవే అయినా ఆ బొమ్మలకు న్యాయం చేశాయి.

మన దేశంలో ఒక తరం ఫాంటమ్‌ను పత్రికల స్ట్రిప్పుల్లో కంటే ఇంద్రజాల్ కామిక్స్‌లోనే ఎక్కువగా చదివింది. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ప్రారంభించిన ఆ వరుస 1990లో ఆగిపోయింది, అబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్ కూడా 1976లో అందులోనే అడుగుపెట్టాడు. ఆ సంచికల ముఖచిత్రాల మీద నాకున్న అభిమానం అంతా ఇంతా కాదు. అయినా వాటిని మూలానికి నకలుగా భావించకూడదు. పేజీల పరిమితికి తగ్గట్టు కథలను కుదించారు, బొమ్మలను కత్తిరించి కొత్త అమరికలో పెట్టారు, ఫాంటమ్ ఉండే ‘బెంగల్లా’ను ‘డెంకాలి’గా మార్చారు. అందుచేత చిన్ననాటి అనుభూతి కావాలనుకుంటే ఇంద్రజాల్ సంచికలు వెతకాలి, లీ ఫాక్ రాసిన కథ మొత్తం కావాలనుకుంటే స్ట్రిప్పులను యథాతథంగా అచ్చువేసిన సంపుటాలు కొనాలి. హెర్మీస్ ప్రెస్ సంపుటాలు ఈ రెండో రకానివి. రెండూ కావాలనుకునేవారు సంపుటాన్ని చదువుకోవడానికీ, సంచికను దాచుకోవడానికీ పెట్టుకుంటే సంచిక నలగదు.

తెలుగు ఇంట్లో చిన్నపిల్లలతో మొదలుపెట్టడానికి అమర్ చిత్రకథే అనువైనది. అనంత్ పాయ్ 1967లో ప్రారంభించిన ఈ వరుస ఏ సంచికకు ఆ సంచిక పూర్తి పుస్తకంగానే వచ్చింది కనుక తెగిన కథల బాధ లేదు. మహాభారతం మాత్రం 42 సంచికలుగా సాగింది. అది ఇప్పుడు మూడు పెద్ద సంపుటాలుగా దొరుకుతోంది. ఇంట్లో మామ్మకూ, అమ్మమ్మకూ కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలు బొమ్మలు చూస్తుంటే వాళ్లు తమకు తెలిసిన ఉపాఖ్యానాన్ని జోడిస్తారు, మరే కామిక్స్‌కూ మన ఇళ్లలో ఈ సౌలభ్యం లేదు. ఆస్టెరిక్స్‌ను కాస్త ఆలస్యంగా ఇవ్వవచ్చు. గోసిన్నీ, ఉదెర్జో 1959లో మొదలుపెట్టిన, రోమన్ సైన్యాన్ని ఎదిరించే ఒక పల్లె వీరుల కథల్లో హాస్యం సగం మాటల్లోనూ, చరిత్ర పరిచయంలోనూ ఉంది. రోమన్ సైనికులు గాలిలోకి ఎగరడం ఆరేళ్లవాడికీ నవ్వు తెప్పిస్తుంది కానీ, మిగతా సగం పన్నెండేళ్లు దాటాకే అందుతుంది.

పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా చదివి వినిపించేటప్పుడు మన మాటల్లో చెప్పడానికి సంకోచించవద్దు. మొదట పేజీ మొత్తాన్ని చూడనివ్వండి, తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ ఎవరు ముందు మాట్లాడుతున్నారో చూపించండి. ఒకే బొమ్మలో రెండు బెలూన్లుంటే పైనున్నదే ముందన్న నియమం చిన్నపిల్లలకు తనంతట తాను తెలియదు. కుడివైపు పేజీ చివరి బొమ్మ దగ్గర ఆగి, తర్వాత ఏమవుతుందో వాళ్లనే చెప్పమనండి. టిన్‌టిన్ కథలు చాలావరకు వారం వారం వచ్చినవి కనుక పేజీ చివర ఉత్కంఠ పెట్టడం హెర్జేకు అలవాటు, ఆ ప్రశ్నకు అక్కడ మంచి అవకాశం దొరుకుతుంది.

ఈ కథల్లో ఆనాటి దురభిప్రాయాలు కూడా ఉన్నాయి, వాటిని చూసీ చూడనట్టు దాటవేయకూడదు. 1931 నాటి టిన్‌టిన్ కాంగో కథలో ఆఫ్రికా ప్రజలను చిత్రించిన తీరు అవమానకరంగా ఉంది, దాన్ని పిల్లలకు ఒంటరిగా ఇవ్వకపోవడమే మంచిది. అదే హెర్జే 1934లో చైనా విద్యార్థి చాంగ్‌తో స్నేహం కుదిరాక ఎంతో అధ్యయనం చేసి ‘బ్లూ లోటస్’ గీశాడు. ఎదిగిన పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన చూపిస్తే ఒక రచయిత ఎలా మారాడో వాళ్లకే కనిపిస్తుంది. అడవి ప్రజలందరినీ ఒక తెల్లజాతి వీరుడే కాపాడే ఫాంటమ్ కథలకూ, రాక్షసులనగానే నల్లని దేహాలు గీసిన అమర్ చిత్రకథ పేజీలకూ ఇదే వర్తిస్తుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని రెండు మాటలు చెబితే సరిపోతుంది, పుస్తకం దాచిపెట్టనక్కర్లేదు.

పాత ప్రతుల కోసం హైదరాబాదులో ముందుగా వెళ్లవలసింది ఆబిడ్స్‌కు. ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు, ఎండ ముదరకముందే వెళితే మంచివి దొరుకుతాయి. కోఠిలోని పాత పుస్తకాల దుకాణాలలో మిగతా రోజుల్లోనూ వెతకవచ్చు. కొత్త సంపుటాలను పక్కపక్కన పెట్టి కాగితం, సైజు పోల్చుకోవడానికి ఏటా శీతాకాలంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన అనువుగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో పాత ప్రతి కొనేటట్టయితే అట్ట ఫొటోతో సరిపెట్టుకోకుండా నడిమి పేజీల ఫొటో, ప్రచురణ వివరాలున్న పేజీ ఫొటో అడిగి తెప్పించుకోండి. పునర్ముద్రణను తొలి ముద్రణ పేరుతో అమ్మేవారు ఉన్నారు, ఆ పేజీ చూస్తే తేడా తెలుస్తుంది.

పాత సంచికను చేతిలోకి తీసుకోగానే సరిగ్గా మధ్యలోకి తెరవండి. పిన్నుల చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి ఉంటే తుప్పు కాగితాన్ని తినడం మొదలుపెట్టిందని అర్థం, నడిమి కాగితం అప్పటికే పిన్ను నుంచి ఊడి ఉండవచ్చు, లేదా పూర్తిగా పోయి ఉండవచ్చు. పేజీల సంఖ్యలు వరుసగా ఉన్నాయా, వెనుక కూపన్లు ఎవరైనా కత్తిరించారా, పదవినోదాల గళ్లు పెన్నుతో నింపారా చూడండి. చెమ్మ వాసన వస్తే ఎంత అరుదైనదైనా సరే, ఇంటికి తెచ్చి నేరుగా మిగతా పుస్తకాల మధ్య పెట్టకండి. నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టి, కొన్ని వారాలు విడిగా ఉంచి, పురుగు లేదని తేలాకే అలమరలోకి చేర్చండి. ఎండలో పెడితే రంగులు వెలిసిపోతాయి.

న్యూస్‌ప్రింట్ పసుపుబారడానికి కారణం అందులో తొలగించకుండా వదిలేసిన లిగ్నిన్ అనే చెక్క పదార్థం. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది రంగు మారుతుంది, కాగితంలోని ఆమ్లం పెరిగి పేజీ పెళుసుబారుతుంది. దీన్ని ఆపలేం కానీ నెమ్మదింపజేయగలం. కిటికీ ఎండ పడని చోట, వానాకాలంలో చెమ్మగిల్లే బయటి గోడకు ఆనించకుండా, లోపలి గోడ దగ్గర బీరువా పెట్టండి. అటక మీద మే నెల వేడికి బైండింగు జిగురు ఎండి పేజీలు ఊడతాయి కనుక పుస్తకాలను అక్కడికి ఎక్కించవద్దు. విడి సంచికలను పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్ కవర్లలో, వెనుక ఆమ్లరహిత అట్ట పెట్టి నిలబెట్టండి, మామూలు పీవీసీ కవర్లు కొన్నేళ్లకు అచ్చుకు అంటుకుపోతాయి. చిరిగినచోట సెల్లోటేపు అంటిస్తే దాని జిగురు శాశ్వతంగా మరక వేస్తుంది. పిల్లలు తీసి చదివే అలమరలో కలరా ఉండలు వేయకండి, ఆ వాసన పీల్చడం వాళ్లకు మంచిది కాదు. నెలకోసారి పుస్తకాలన్నీ తీసి దులపడమే పురుగుకు నమ్మకమైన మందు.

సంచికలను కలిపి బైండింగు చేయించాలనుకుంటే బైండరుకు ముందే స్పష్టంగా చెప్పాలి: అంచులు కోయకూడదు. సమంగా కనిపించడం కోసం మూడువైపులా మిషను మీద కోయడం వాళ్లకు రివాజు, దానితో పేజీ పైనున్న బెలూన్లలో అక్షరాలు సగం పోతాయి, సేకరణకర్తల దృష్టిలో ఆ ప్రతికి విలువ ఉండదు. ముఖచిత్రాలను లోపల ఉంచే కుట్టమనండి. అరుదైన సంచికలనైతే అసలు బైండింగుకే ఇవ్వవద్దు.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కొన్న ప్రతి సంపుటానికీ ప్రచురణకర్త పేరు, సైజు, అందులోని కథలు, స్ట్రిప్పులైతే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నాయన్న వివరం రాయండి. విడి సంచికలైతే సంఖ్య, నెల, పేజీల స్థితి రాసి, లేని సంఖ్యలను వేరే పేజీలో వరుసగా వేసుకోండి. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కట్ట విప్పి చూపిస్తున్నప్పుడు ఏది తీసుకోవాలో, ఏది ఇప్పటికే ఇంట్లో ఉందో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.