అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడటం: గే యువకులకు కొన్ని సూచనలు

డబ్లిన్‌లో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంట్లోనే ఉన్న ఒక ఐరిష్ యువకుడు ఆ తరువాత ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. ఆదివారం ప్రార్థన తప్పని కుటుంబం వారిది. తాను గే అన్న సంగతి మొదట అక్కకు, ఏడాది గడిచాక తల్లికి చెప్పుకొన్నాడు. లైసెన్సు సంపాదించడం తనకు అంతకంటే సులువైందని నవ్వేవాడు. ఐర్లండ్‌లో పురుషుల మధ్య స్వలింగ సంబంధం 1993 దాకా నేరమే. 2015 మే 22న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 62 శాతం మంది స్వలింగ వివాహాన్ని సమర్థించారు. అదే ఏడాది నవంబరు 1 నుంచి అక్కడి డిటెక్టివ్‌లకు ప్రైవేట్ సెక్యూరిటీ అథారిటీ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి అయింది. నేను అనంతపురం తిరిగివచ్చి ఇదే పనిలో దిగినప్పుడు నన్ను లైసెన్సు అడిగినవారు లేరు, ఎందుకంటే మన దేశంలో అలాంటి లైసెన్సే లేదు. ఈ వృత్తిలోకి రాదలచిన, నాలాగే గే అయిన యువకులకు పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం కాపలాదారులను సమకూర్చే సంస్థలకు ఉద్దేశించినది. డిటెక్టివ్ సంస్థల నియంత్రణకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. కాబట్టి పాన్ కార్డు, సంస్థ పేరిట ఒక కరెంటు ఖాతా, దుకాణాల చట్టం కింద నమోదు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. అయితే మామూలు పౌరుడికి లేని అధికారం ఏదీ డిటెక్టివ్‌కు లేదు. ఇతరుల కాల్ రికార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ నంబరును అక్కడికక్కడే వదిలేయండి. ప్రభుత్వోద్యోగినని చెప్పుకొని సమాచారం రాబట్టడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కిందా, స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిలు వాడకాన్ని రహస్యంగా గమనించడం 78వ సెక్షన్ కిందా నేరాలు. ఆమె భర్తే అడిగాడన్న సమాధానం చెల్లదు.

మన ప్రాంతంలో చేతికి వచ్చే పనిలో ఎక్కువ భాగం పెళ్లి సంబంధాల విచారణే. ఉద్యోగుల నేపథ్య పరిశీలన, ఇన్సూరెన్సు క్లెయిముల విచారణ తరువాతి మాట. ఒక ఉదాహరణ చెబుతాను. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగమనీ, ధర్మవరంలో ఇల్లనీ, తాడిపత్రి వైపు ఏడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉందనీ మధ్యవర్తి చెప్పాడు. ఇలాంటప్పుడు బండి తీయకముందు కాగితం చూడాలి. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) చూస్తే పొలం ఎవరి పేరిట ఉందో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే అమ్మకాలు, రిజిస్టరైన తనఖాలు బయటపడతాయి. నోటు మీద తెచ్చిన అప్పు మాత్రం అందులో కనబడదు. కోర్టుల వెబ్‌సైటు ఇ-కోర్ట్స్‌లో పేరుతో వెతికితే కోర్టు కేసులు దొరకవచ్చు, కానీ ఒకే పేరు గలవారు పదిమంది ఉంటారు కనుక తండ్రి పేరూ ఊరూ సరిపోలే వరకు అది మనవాడి కేసని రాయకూడదు. నేను చూసిన ఆ వ్యవహారంలో కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. తోట దగ్గర టీ బంకులో కూర్చున్న పెద్దాయన మాత్రం, "యాడ తోటప్పా, బోరెండి రెండేండ్లాయ, చెట్లన్నీ కొట్టేసినారు" అన్నాడు. వెళ్లి చూస్తే ఏడెకరాల్లో మొదళ్లు మిగిలాయి. అడంగల్‌లో చీనీ అని ఉన్నంత మాత్రాన పొలంలో చీనీ ఉండాలని లేదు.

మాటు వేసి గమనించడం నగరంలో సులువు, మన ఊళ్లలో కష్టం. సందు మొదట్లో అరగంట నిలబడితే చాలు, "యా ఊరప్పా, ఎవరింటికి?" అని అడిగేస్తారు. దానికి నిజమైన జవాబొకటి ముందే సిద్ధం చేసుకోవాలి. అద్దె ఇల్లు చూస్తున్నానని చెబితే, నిజంగానే రెండు ఇళ్లు చూసి రావాలి. ఉదయం పూట ఉగ్గాని, బజ్జీ అమ్మే హోటలు అన్నిటికంటే మంచి చోటు, అక్కడ ఎంతసేపు కూర్చున్నా అనుమానించరు. ఇక బండ్ల సంగతి: ఒకప్పుడు నంబరు పలక మీద ఏపీ 02 అంటే అనంతపురం, 21 అంటే కర్నూలు, 04 అంటే కడప అని చూడగానే తెలిసేది. రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక కొత్త బండి నంబరు చూసి జిల్లా చెప్పడం సాధ్యం కావడం లేదు. నోటుపుస్తకంలో కంటితో చూసినదే రాయండి. "అబ్బాయి ఆఫీసుకు బయలుదేరాడు" అనేది ఊహ. "7.40కి నీలం చొక్కా వేసుకున్న వ్యక్తి గేటు తీసుకొని బయటికి వచ్చాడు" అనేది గమనిక. ఫొటో, వీడియో తీసిన ఫోనును అలాగే ఉంచాలి, వాటిని కత్తిరించకూడదు. కోర్టులో ఆ ప్రతులు నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతపరచాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) కూడా నమోదు చేయాలి.

ఇక మనకు ప్రత్యేకమైన విషయం. చిన్నప్పటి నుంచీ ఎవరు ఏమంటారోనని చుట్టూ చూసుకుంటూ పెరిగినవాడికి మనుషుల చూపులూ తడబాట్లూ తొందరగా పట్టుబడతాయి. అది పనికివచ్చే గుణమే. కానీ భయంతో చూసే కన్ను లేనిది కూడా చూస్తుంది కనుక నా అనుమానాలను నేను కాగితాలతో సరిచూసుకుంటాను. ఈ వృత్తిలో శత్రువులు తప్పరు, వారు మొదట వెతికేది మీ రహస్యాన్నే. కాబట్టి ఇంట్లో నమ్మదగిన ఒక్కరికైనా ముందే చెప్పి ఉంచండి. నేను మా చిన్నమ్మకు చెప్పాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఇష్టపూర్వకంగా కలిసిన ఇద్దరు పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. బయటపెడతానని బెదిరించి డబ్బు అడగడం మాత్రం న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలే. ఆ సందేశాలను చెరిపివేయకండి, డబ్బు ఇవ్వకండి.

ఏదో ఒకనాడు అమ్మాయి తండ్రి ఒకాయన కుర్చీ దగ్గరికి జరుపుకొని, "అబ్బాయి అదో రకం అంటున్నారు, కనుక్కోండి సార్" అంటాడు. నన్ను మూడుసార్లు అడిగారు. ఆయన భయం ఉత్తది కాదు; ఇంట్లోవారి ఒత్తిడికి తలవంచి పెళ్లి చేసుకునే గే యువకులు మనలో ఉన్నారు, దాని బరువు ఆ అమ్మాయి కూడా మోస్తుంది. అయినా నేను ఆ పని చేయను. డేటింగ్ యాప్‌లో దొంగ ప్రొఫైలు పెట్టి ఒకరిని రప్పించడం బెదిరింపు ముఠాలు చేసే పని. లైంగిక మొగ్గు వ్యక్తిగత గోప్యతలో భాగమని 2017 ఆగస్టు 24 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఉద్యోగం, అప్పులు, కేసులు, మునుపటి వివాహం వరకే విచారిస్తానని ఒప్పంద పత్రంలో ముందే రాసి సంతకం తీసుకుంటాను. ఆ తండ్రికి మాత్రం, అబ్బాయినీ అమ్మాయినీ పెద్దవాళ్లు లేకుండా రెండు మూడుసార్లు మాట్లాడుకోనివ్వమని, అమ్మాయి వద్దంటే కారణం అడగకుండా వినమని చెబుతాను. ఒకాయన లేచి వెళ్లిపోయాడు, అడ్వాన్సు తిరిగిచ్చేశాను.

ఫీజులో సగం ముందుగా తీసుకోండి, మిగతాది నివేదిక ఇచ్చేటప్పుడు. "సంబంధం మంచిదేనా" అన్న ప్రశ్నకు నివేదికలో జవాబు రాయవద్దు, చూసినది రాస్తే చాలు. పని ముగిశాక ఫొటోలూ కాగితాలూ ఎన్నాళ్లు ఉంచుతారో ఒప్పందంలోనే తేల్చుకొని, ఆ గడువు తీరిన రోజున వాటిని చెరిపివేసి, చెరిపినట్లు కక్షిదారుకు ఒక ముక్క రాసి పంపండి.